రోజూ తిరిగే కారుకి ఏ క్లచ్ కరెక్ట్?
కందుకూరు నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి నా రూటు ఇది: శ్రీశైలం హైవే, తుక్కుగూడలో ఓఆర్ఆర్, చివర్లో సిగ్నళ్లు. ఓఆర్ఆర్ మీద క్లచ్‌కి పెద్దగా పనుండదు. అరిగేదంతా ఆ చివరి ట్రాఫిక్‌లో, హాఫ్ క్లచ్ మీదే. కాబట్టి పార్ట్స్ కూడా ట్రాఫిక్‌ని చూసే ఎంచుకోవాలి.

సిరామిక్ డిస్క్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది కానీ ఒక్కసారిగా పట్టేస్తుంది, ట్రాఫిక్‌లో కారు కుదుపులే. ఆర్గానిక్ డిస్క్ మెల్లగా పట్టుకుంటుంది. ప్రెషర్ ప్లేట్ మరీ గట్టిదైతే పెడల్ తొక్కలేక మోకాలు పట్టేస్తుంది.

ఇంజిన్ స్టాక్‌లోనే ఉందా? కంపెనీ స్పెక్ ఆర్గానిక్ కిట్ చాలు. రీమ్యాప్ చేయించారా? పెరిగిన టార్క్‌కి సరిపోయే రేటింగ్ చూడండి.

డిస్క్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చేయండి. బేరింగ్ ఒక్కటి వదిలేసి అది తర్వాత పోతే, మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే, మళ్లీ లేబర్ కట్టాల్సిందే.