కదురు ముందు, రాట్నం తర్వాత

రాట్నం ముందు కూర్చున్న మనిషి చక్రం తిప్పుతుంటే చూసేవాళ్ల చూపంతా ఆ చక్రం మీదే ఉంటుంది. అసలు పని జరిగేది రెండో చేతి దగ్గర, సన్నని ఇనుప పుల్ల కొసన. ఆ పుల్ల కదురు. దాని కొసకు ఏటవాలుగా పట్టిన పోగు, కదురు తిరిగిన ప్రతిసారీ కొస మీంచి జారుతూ ఒక్కో మెలిక తీసుకుంటుంది. పురి చాలాక కదురుకు అడ్డంగా పడితే నూలు దాని మీదే చుట్టుకుంటుంది. చక్రం చేసేదల్లా ఈ పుల్లను వేగంగా తిప్పడమే.

పేర్లు చూసినా ఈ రెంటి పుట్టుకలు వేరని తెలుస్తుంది. కదురు అచ్చంగా ద్రావిడ మాట. తమిళంలో కదిర్, కన్నడంలో కదిరు. ధాన్యపు వెన్నునూ సూర్యకిరణాన్నీ కూడా తమిళులు కదిర్ అనే అంటారు. రాట్నం దారి వేరు. సంస్కృతంలో నీళ్లు తోడే చక్రం అరఘట్టం, ప్రాకృతంలో అరహట్ట, హిందీలో రహట్. మన రాట్నం ఈ వరసలోదే. అందుకే నీళ్లు చేదే యంత్రాన్నీ రాట్నం అన్నారు, తిరునాళ్లలో పిల్లల్ని తిప్పేదీ రంగుల రాట్నమే అయింది. రాట్నానికే మరో పేరైన చరఖాకు మూలం పారసీ చర్ఖ్. సంస్కృత చక్రానికి అది దాయాది.

వయసులో కూడా కదురే పెద్దది. పుల్ల ఆగకుండా తిరగడానికి బరువుగా తొడిగే మట్టి బిళ్లలు సింధు నాగరికత తవ్వకాల్లోనే దొరికాయి. మన దేశంలో చరఖా ప్రస్తావన స్పష్టంగా కనిపించేది 1350లో, దక్కనులో బహమనీల ఆశ్రయంలో ఇసామీ రాసిన పారసీ కావ్యంలో. మధ్యలో ఎన్ని వేల ఏళ్లు! క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు మసాలియాలో, అంటే మన కృష్ణా తీరంలో, సన్న బట్టలు విరివిగా నేస్తారని రాశాడు. అప్పటికి ఇక్కడ రాట్నం ఉందనడానికి ఆధారం లేదు. ఆ నూలు చేతి కదురు మీద వడికిందే అనుకోవాలి. చక్రం లేకుండా అంత సన్న నూలు తీసిన ఆ వేళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

చక్రం తోడైనా, సన్న నూలు తీసే నైపుణ్యం ఇంకా బతికే ఉందనడానికి శ్రీకాకుళం జిల్లా పొందూరు సాక్ష్యం. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. నూరో నంబరంటే పౌను పత్తికి 84,000 గజాల నూలు, దాదాపు 77 కిలోమీటర్లు.

యంత్రాల యుగం కూడా కదురును తీసెయ్యలేకపోయింది, పెంచింది. 1760లలో లాంకషైర్‌లో హార్‌గ్రీవ్స్ చేసిన జెన్నీ అనే నూలు యంత్రం మొదట ఎనిమిది కదుళ్లను ఒకే చక్రంతో తిప్పింది. తర్వాత మిల్లుల్లో అవి వేలయ్యాయి. చేత్తో తిప్పే పెద్ద చక్రం ఆ మిల్లుల్లో క్రమంగా కనుమరుగైంది. మిల్లు ఎంత పెద్దదో మాత్రం ఇప్పటికీ స్పిండిల్స్ లెక్కలోనే, అంటే కదుళ్ల లెక్కలోనే చెబుతారు.