దుర్భిణి కంటికి మసక పట్టకుండా...

చిలుకూరి బాలాజీ దర్శనం చేసుకుని, పక్కనే వున్న మృగవనికి కూడా వెళ్లివచ్చే కుటుంబాలు చాలా వున్నాయి. 1994లో జాతీయోద్యానంగా ప్రకటించిన యీ అడవిలో చుక్కల జింకలున్నాయి, నెమళ్లున్నాయి. మొయినాబాదుకు చేరువలోనే 1920లో మూసీ మీద పూర్తయిన గండిపేట చెరువు, 1927లో ఈసీ మీద పూర్తయిన హిమాయత్ సాగరు వున్నాయి. చలికాలం వస్తే వాటి అంచుల్లో వలస పక్షులు దిగుతాయి. చేవెళ్ల దారిలోనేమో పెద్ద పెద్ద మర్రిచెట్లు, పండ్ల కోసం మూగే పిట్టలూను. చేతిలో వొక మంచి దుర్భిణి వుంటే పిల్లలకు అంతకు మించిన పాఠశాల లేదు.

దుర్భిణి అన్నది పారసీ మాట. 'దూర్' అంటే దూరం, 'బీన్' అంటే చూసేది. ముచ్చటపడి కొన్న యీ వస్తువు కొన్ని ఇళ్లలో రెండు మూడేళ్లకే మసకబారిపోతుంది. వాడకం వల్ల అనుకుంటారు గాని, చాలాసార్లు అది తుడవడం వల్ల!

తుడిస్తే చెడుతుందా?

చెడుతుంది. మన ప్రాంతం రాతినేల. ఆ రాతి దుమ్ములో పలుగురాయి పొడి వుంటుంది. అది గాజుకన్నా గట్టిది. దుమ్ము పట్టిన అద్దాన్ని పంచె చెంగుతోనో, చీర కొంగుతోనో రుద్దామంటే గరుకు కాగితంతో రుద్దినట్టే.

పైగా ఆ అద్దం వట్టి గాజు కాదు. పూత లేని గాజు ముఖం వొక్కొక్కటీ నూటికి నాలుగు పాళ్ల వెలుగును వెనక్కి కొట్టేస్తుంది. దుర్భిణిలో అలాంటి ముఖాలు పది దాటేసరికి మూడోవంతు వెలుగు దారిలోనే పోతుంది. దీనికి విరుగుడుగా 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో స్మకులా అనే శాస్త్రజ్ఞుడు అద్దానికి సన్నని పూత పెట్టే పద్ధతి కనిపెట్టాడు. వొక పొర మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు! అద్దం మీద కనిపించే ఊదా, పచ్చ మెరుపులు ఆ పూతవే. అది గీసుకుపోతే తిరిగి రాదు.

శుభ్రం చేసే వరస

మొదట రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. నోటితో వూదితే తుంపర్లు పడతాయి. మిగిలినదాన్ని మెత్తని కుంచెతో, అద్దాన్ని కిందికి వంచి, తేలికగా దులపాలి. వేలిముద్రలో, కాటుక జిడ్డో వుంటేనే తడి అవసరం. లెన్సులకు వాడే ద్రవాన్ని గుడ్డ మీద వొక చుక్క వెయ్యాలి, అద్దం మీద పొయ్యకూడదు. మధ్య నుంచి అంచుకు గుండ్రంగా, వొత్తకుండా తుడవాలి. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలూ, గోళ్ల రంగు తీసే మందూ దగ్గరికి రానివ్వకండి. వొకటి రెండు దుమ్ము రేణువులుంటే దృశ్యానికి లోటేమీ లేదు. వాటిని అలాగే వదిలెయ్యడం మేలు.

వానాకాలం జాగ్రత్త

తడి వాతావరణంలో అద్దం మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ఆ బూజు విడిచే ఆమ్లం గాజును తినేస్తుంది. అందుచేత తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోకూడదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో వుంచి, అప్పుడప్పుడు బయటకు తియ్యాలి. రంగు మారే జెల్ అయితే, మారగానే వేడిచేసి ఆరబెట్టుకోవచ్చు. లోపల మసక కనిపిస్తే మాత్రం ఇంట్లో మరలు విప్పకండి, పనితెలిసినవాడికి ఇవ్వండి.

తుపాకికి అమర్చే దుర్భిణికీ యివే నియమాలు. అయితే అక్కడ మొదటి పని తూటా లేదని రూఢి చేసుకోవడం.

అన్నిటికన్నా ముఖ్యమైనది వొకటి. దుర్భిణితో సూర్యుణ్ణి చూడవద్దని పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి. గీసుకుపోయిన అద్దానికి బదులు మరొకటి కొనుక్కోవచ్చు గాని, కంటికి బదులు ఏ దుకాణంలోనూ దొరకదు.