సిగ్నల్ లేని చోట దారెవరు చెబుతారు?

జూన్ మొదలైందంటే మా షాపు ముందు లద్దాఖ్ వెళ్లే బళ్లు వరస కడతాయి. విజయవాడ ఆటోనగర్‌లో నాది బైకుల వైరింగ్ పని. మామూలు రోజుల్లో హారన్లు, ఇండికేటర్లు, సెల్ఫ్ మోటార్లు చూసుకుంటూ ఉంటాను. సీజన్లో మాత్రం కుర్రాళ్లు ఓ సంచీ తెచ్చి బల్ల మీద బోర్లిస్తారు. ఫోన్ హోల్డరు, రెండు ఛార్జర్లు, ఫాగ్ ల్యాంపులు, కెమెరా, ఒక్కోసారి జీపీఎస్ పెట్టె కూడా. "అన్నా, అన్నీ బిగించెయ్" అంటారు. ఆ దారిలో నేనూ బండి నడిపినవాణ్ణి కాబట్టి, ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని ఒకటే అడుగుతాను: "తమ్ముడూ, ఇది ఆగిపోతే నీకు దారెవరు చెబుతారు?" జవాబు దొరికాకే స్క్రూడ్రైవర్ పడతాను.

ఫోనుతోనే మొదలు

సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోతుందని చాలామంది నమ్మకం. పోదు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మన ఫోను తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. దానికి సెల్ టవరుతో పనిలేదు. నెట్ కావలసింది మ్యాపు బొమ్మకి. ఆ బొమ్మని ఇంట్లో వైఫై ఉండగానే దించుకుంటే, మనాలి–లేహ్ దారిలో కీలాంగ్ దాటాక టవర్లు లేకపోయినా నీలం చుక్క కదులుతూనే ఉంటుంది.

ఒక్క చిక్కు ఉంది. టవరు అందుబాటులో ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోనుకు ముందే తెలిసిపోతుంది. లేకపోతే ఆ వివరం ఉపగ్రహం నుంచే వినాలి. అది సెకనుకు 50 బిట్ల చొప్పున నెమ్మదిగా చెబుతుంది. అందుకే ఆపేసిన ఫోను ఆన్ చేశాక, బండి ఆపి, ఆకాశం కనిపించే చోట కాసేపు నిలబడండి. చుక్క కుదురుకున్నాక బయల్దేరండి.

యాప్‌లు రెండు ఉండాలి, అవీ వేర్వేరు మ్యాపుల మీద నడిచేవి. గూగుల్ మ్యాప్స్‌లో కావలసిన ప్రాంతాలు ఆఫ్‌లైన్‌లో దాచుకోండి. దానికి తోడు ఆర్గానిక్ మ్యాప్స్ గానీ, ఓస్మాండ్ గానీ వేసుకోండి. ఇవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తాయి. అది జనమే గీసి, జనమే దిద్దుకునే మ్యాపు. గూగుల్‌లో కనపడని బాటలు కొన్ని అందులో దొరుకుతాయి. మొత్తం దారిని జీపీఎక్స్ ఫైలుగా చేసి జట్టులో అందరికీ పంపండి. ఒకడు వెనకబడ్డా గీత మాత్రం అందరిదీ ఒకటే ఉంటుంది.

సిమ్ సంగతి కూడా ముందే చూసుకోండి. మన దగ్గర కొన్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. జట్టులో అందరూ ఒకే కంపెనీవి తీసుకోకుండా తలో కంపెనీదీ తీసుకుంటే మంచిది.

అదురు, ఎండ, వాన

సింగిల్ సిలిండర్ ఇంజిను అదురు హ్యాండిల్ దాకా వస్తుంది. ఆ అదురు ఎక్కువకాలం తగిలితే ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది. కెమెరా లోపల లెన్సును స్థిరంగా ఉంచే సున్నితమైన అమరిక ఉంటుంది, పాడయ్యేది అదే. ఖరీదైన ఫోను తెచ్చినవాళ్లకు నేను చెప్పేది: దాన్ని జాకెట్ లోపలి జేబులో పెట్టుకో, ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ని హ్యాండిల్‌కి ఎక్కించు. హోల్డరుకి అదురు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉండాలి.

ఎండ ఇంకో శత్రువు. ఐఫోన్ 35 డిగ్రీల వరకున్న వాతావరణంలో వాడటానికి తయారైంది. ఆదిలాబాద్ దాటి నాగపూర్ వైపు వెళ్తుంటే జూన్ మొదట్లో 40 దాటుతుంది. పైన ఎండ, లోపల ఛార్జింగ్, స్క్రీన్ నిండా వెలుతురు, ఈ మూడూ కలిస్తే ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. స్క్రీన్ ఆపేసి, హెల్మెట్‌లోని బ్లూటూత్ స్పీకర్లో మాట మాత్రం వింటూ వెళ్లడం మేలు. గూగుల్ మ్యాప్స్ తెలుగులోనే మలుపులు చెబుతుంది. ఫోన్ని దారి చూసుకోవడానికి, అదీ ధ్యాస చెదరకుండా మాత్రమే వాడాలని 2020 అక్టోబరు నుంచి మోటారు వాహనాల నిబంధనల్లోనూ ఉంది.

వాన చినుకు పడితే టచ్ స్క్రీన్ తన ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. గార్మిన్ జూమో లాంటి ప్రత్యేక పరికరాలు ఉన్నది ఇందుకే. గ్లౌజు తియ్యకుండా నొక్కొచ్చు, తడిసినా పాడవవు, ఎండలోనూ అక్షరాలు కనిపిస్తాయి. ఏటా నెలల తరబడి తిరిగేవాళ్లకు అవి దండగ కాదు. జీవితంలో ఒక్కసారి లద్దాఖ్ చూసొద్దామనుకునేవాళ్లు ఆ డబ్బు మంచి జాకెట్టు మీద పెట్టడం నయం.

మా వైరింగ్ మాట

ఛార్జరు 18 వాట్లు, ఫాగ్ ల్యాంపుల జత ఓ 40 వాట్లు, వేడి గ్రిప్పులు ఇంకో 30 వాట్లు అనుకోండి. మొత్తం 88. 12 వోల్టుల బండిలో ఇది ఏడు ఆంపియర్లకు పైమాటే. ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేకపోతే, ఆ లోటు బ్యాటరీ భరిస్తుంది. అదే దారిలోని సర్చులో రాత్రి చలికి అసలే నీరసించిన బ్యాటరీ తెల్లారి సెల్ఫ్ కొట్టదు.

అందుకే నా దగ్గర పద్ధతి ఇది. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు. కీ ఆన్ అయితేనే కరెంటు వచ్చేలా రిలే. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పినా వైరు బిగుసుకోకుండా కాస్త వదులు. ఛార్జరుకు మూత. ఇవన్నీ ఉన్నా ట్యాంకు బ్యాగులో ఓ పవర్ బ్యాంకు పడేసుకోండి.

బ్యాటరీ అక్కర్లేని సాధనాలు

ఒక పోస్టుకార్డంత అట్టముక్క తీసుకోండి. ఆ రోజు దాటే ఊళ్ల పేర్లు, మధ్య దూరాలు, పెట్రోలు బంకులు, పడక ఎక్కడో రాయండి. ట్యాంకు బ్యాగు పైన ప్లాస్టిక్ అరలో పెట్టుకోండి. మనాలి–లేహ్ దారిలో టాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని చెప్పే బోర్డు బైకర్లందరికీ తెలిసిందే. లీటరుకు 30 చొప్పున 15 లీటర్ల ట్యాంకుతో 450 వెళ్లొచ్చని కాగితం మీద లెక్క తేలుతుంది. బారలాచా లా కనుమ ఎక్కేటప్పుడు మొదటి గేరులో, పల్చటి గాలిలో ఆ లెక్క నిలబడదు. ఐదు లీటర్ల క్యాను కట్టుకోండి.

రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చదవడం నేర్చుకోండి. నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి, నారింజయితే పల్లె రోడ్డు. జాతీయ రహదారి మీద ఉండాల్సినవాడికి నారింజ రాయి కనిపించిందంటే, చుక్క ఏం చెప్పినా సరే, ఆగి అడగాలి.

యాప్ చూపించే గంటల్ని కొండల్లో నమ్మొద్దు. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. పొద్దున చీలమండ దాకా ఉన్న నీళ్లు సాయంత్రం సైలెన్సర్ దాకా వస్తాయి. వాగులున్న రోజు చీకటితోనే బయల్దేరాలి. ఎదురొచ్చే లారీ డ్రైవర్ని ఆపి అడిగితే, ఏ వాగు ఎలా ఉందో మ్యాపు కన్నా తాజాగా చెబుతాడు.

కట్టుకోవలసినవి, కట్టకూడనివి

ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, మోచేతులకూ భుజాలకూ వీపుకూ కవచాలున్న జాకెట్, చీలమండ దాటిన బూట్లు తప్పనిసరి. విడి క్లచ్ కేబుల్‌ని పాత కేబుల్ వెంటే కట్టేసి ఉంచితే, తెగినప్పుడు రెండు కొసలూ తగిలిస్తే చాలు. ట్యూబ్ టైరా, ట్యూబ్‌లెస్సా చూసుకుని పంక్చర్ కిట్ కొనండి, ఇంటి దగ్గరే ఓసారి వేసి చూడండి. బరువంతా కిందికి, మధ్యకు రావాలి.

అమెరికా నుంచి సెలవులకొచ్చే మనవాళ్లకు ఒక జాగ్రత్త. అక్కడ ట్రెక్కింగ్‌కి వాడే శాటిలైట్ ఫోన్లూ, శాటిలైట్ మెసెంజర్లూ ఇక్కడ ప్రభుత్వ అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో పట్టుబడ్డ విదేశీయులు ఉన్నారు. ఇంట్లో వదిలేసి రండి.

అంతా బిగించాక లేహ్‌కి కాదు, ముందు శ్రీశైలం వెళ్లి రమ్మంటాను. ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కండి. రాత్రి వేళ అక్కడ ఫారెస్టు గేటు వేసేస్తారు. ఆ సంగతి ముందే కనుక్కుని అట్టముక్క మీద రాసుకున్నారా లేదా, తేలిపోతుంది. తిరిగొచ్చినవాళ్లు మా షాపుకి రెండోసారి వస్తారు, ఎక్కువగా కొన్ని సామాన్లు విప్పించుకోవడానికి. విప్పినందుకు నేను కూలి తీసుకోను.