వేసవి కూరగాయలతో జొన్న సేమియా: రాత్రి భోజనానికి త్వరిత వంటకం

వేసవిలో ఎండ ముదరకముందే పొలం పని ముగించి, సాయంత్రం మళ్లీ తోటకు, పశువుల పాకకు వెళ్లి వచ్చే రైతు మహిళకు రాత్రి వంట అదనపు శ్రమే. అటువంటి ఇంట అరగంటలోపు పూర్తయ్యే భోజనంగా కూరగాయలు కలిపిన సేమియాను సూచించవచ్చు. పాస్తా, సేమియా ఒకే జాతి ఆహారాలు; రెండూ పిండి ముద్దను రంధ్రాల గుండా ఒత్తి ఆరబెట్టినవే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నతో ఈ రెండింటి తయారీ పద్ధతులనూ రూపొందించింది. ఇంటి వంటలో మాత్రం వీటికి సరైన స్థానం ఇంకా దక్కవలసి ఉంది.

కొన్నేళ్ల క్రితం ఒక గ్రామంలో మేము నిర్వహించిన వంట ప్రదర్శనలో గోధుమ సేమియా ఉప్మా పద్ధతినే జొన్న సేమియాకు అనుసరించాము. తాలింపులో కూరగాయలు, నీళ్లు, సేమియా వేసి మూత పెట్టాము. పది నిమిషాలకు గిన్నెలో మిగిలినది జావ. “ఇది మా పిల్లలు తినరమ్మా” అని ఒక పెద్దావిడ మర్యాదగానే చెప్పారు. తప్పు ధాన్యానిది కాదు, మాది.

గోధుమలోని గ్లూటెన్ మాంసకృత్తు వలలా అల్లుకుని పిండి పదార్థాన్ని పట్టి ఉంచుతుంది. ఉడికే కొద్దీ ఆ వల గట్టిపడుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. కాబట్టి నీరు, వేడి ఎక్కువసేపు తగిలితే పోగులు విడిపోతాయి. వేసవి కూరగాయలు ఈ చిక్కును పెంచుతాయి. బీర, సొర కాయల బరువులో 90 శాతానికి పైగా నీరే. మేము దానికి తోడు మరింత నీరు పోశాము! సేమియాను, కూరను విడిగా వండి చివరలో కలపడమే దీనికి పరిష్కారం.

నలుగురికి 200 గ్రాముల జొన్న సేమియా తీసుకుంటే రెండు లీటర్ల నీటిని తెర్లించి, ఉప్పు వేసి, అందులో వదలాలి. సమయం తయారీని బట్టి మారుతుంది గనుక గడియారాన్ని నమ్మరాదు. మూడో నిమిషం నుండి ఒక పోగును తీసి విరిచి చూడాలి; మధ్యలోని తెల్లని చుక్క మాయమయ్యే దశలోనే దించి వార్చాలి. వెంటనే చన్నీటితో ఒకసారి కడిగి, చెంచా నూనె పట్టిస్తే అంటుకోదు.

కూరకు లేత బీరకాయలు పావు కిలో, పండిన టమాటాలు పావు కిలో, ఒక ఉల్లిపాయ, మూడు పచ్చిమిరపకాయలు చాలు. పల్లీలు, ఆవాలు, కరివేపాకుతో తాలింపు వేసి, ఉల్లి మగ్గాక బీర, టమాటా ముక్కలు, ఉప్పు వేసి మూత పెట్టాలి. ఉప్పుకు ఊరిన నీరే గుజ్జుకు సరిపోతుంది. చుక్క నీరు పోయనక్కరలేదు. టమాటాలోని లైకోపీన్ నూనెలో మగ్గినప్పుడు దేహానికి మరింత బాగా అందుతుంది. బెండకాయ వాడదలిస్తే ఉప్పు వేయకుండా వేరే మూకుడులో వేయించి చివరలో కలపడం మేలు, లేకుంటే జిగురు పోగులన్నింటికీ పట్టుకుంటుంది. బీర తొక్కును పారవేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి, మరునాటి పచ్చడి అదే.

బీర, సొర కాయలను కోసిన వెంటనే చిన్న ముక్క నాలుకపై ఉంచి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మివేసి, కాయను పూర్తిగా పారవేయాలి. ఆ చేదుకు కారణమైన కుకర్బిటాసిన్లు విషపూరితాలు, వండినా పోవు. ప్రదర్శనలో రుచి కంటే ముందు చెప్పవలసిన మాట ఇది.

గుజ్జు దగ్గరపడ్డాక సేమియా వేసి, ఒక్క నిమిషం పైకీ కిందికీ కలిపి దించాలి. నిమ్మరసం దించిన తరువాతే పిండాలి. విటమిన్ సి వేడికి నశిస్తుంది. నిలిచి ఉన్నంత మేర అది ధాన్యంలోని ఇనుము శోషణకు తోడ్పడుతుంది. గ్లూటెన్ పడనివారికి ఈ వంటకం పెట్టేముందు సంచి మీది వివరాలు చదవడం తప్పనిసరి, ఎందుకంటే కొన్ని జొన్న సేమియాలలో గోధుమ రవ్వ కలిసి ఉంటుంది.

చల్లారితే పోగులు బిరుసెక్కుతాయి కాబట్టి తినేవారు కూర్చున్నాకే రెండింటినీ కలపడం మంచిది. ఆలస్యంగా వచ్చేవారి వంతు సేమియాను వార్చిన స్థితిలోనే మూత పెట్టి ఉంచి, వారు రాగానే వేడి గుజ్జులో వేస్తే సరిపోతుంది.