విరిగిన కాలు మళ్లీ గోలు కొట్టగలదా?

2011 అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో మన దేశపు మొట్టమొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది. అందులో ఐదో స్థానంలో నిలిచిన జర్మన్ డ్రైవర్ మైకేల్ షుమాకర్ వయసు అప్పటికి 42 ఏళ్లు. ఆ రోజు యాక్సిలరేటర్ పెడల్ తొక్కిన అతని కుడికాలు, అంతకు 12 ఏళ్ల క్రితం మోకాలి కింద రెండెముకలూ విరిగిన కాలేనని ఎంతమంది ప్రేక్షకులకు గుర్తుంది?

1999 జూలైలో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో బ్రేకు పనిచేయక అతని కారు టైర్ల గోడను ఢీకొంది. మూడు నెలలు గడిచాక, అక్టోబరులో మలేసియాలో మళ్లీ కారెక్కి, మొదటి ప్రయత్నంలోనే అందరికంటె ముందు స్థానం సంపాదించాడు. ఆ తర్వాత 2000 నుంచి 2004 దాకా వరుసగా ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దీన్నిబట్టి కాలు విరగడం పెద్ద విషయం కాదని మీరనుకోవచ్చు. కాని తొందరపడకండి. షుమాకర్ కూర్చుని ఆడే ఆటగాడు. ఫుట్‌బాల్ ఆటగాడు పరుగెత్తాలి, ఎగరాలి, ఒక్క కాలి మీద గిర్రున తిరగాలి. పైగా ఏ కాలు విరిగిందో అదే కాలిని ఎదుటివాడి బూటుకు మళ్లీ ఎదురు పెట్టాలి. అతని సంగతేమిటి? మీ కాలేజీ జట్టులో కాలు విరిగిన కుర్రవాడు మళ్లీ మునుపటిలా ఆడగలడా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఎముక లోపలికి తొంగిచూడాలి.

విరిగేది ఏ ఎముక?

మీ మోకాలి కింద ముందు భాగాన్ని చేత్తో తడిమి చూడండి. చర్మం కింద వెంటనే గట్టిగా తగిలేది అంతర్జంఘిక. దాని పక్కన, కాలి వెలుపలి వైపు, పిక్క కండరాల చాటున సన్నగా ఉండేది బహిర్జంఘిక. శరీరపు బరువులో అత్యధిక భాగం అంతర్జంఘిక మీదే పడుతుంది. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ నేల మన బరువుకు రెండు మూడు రెట్ల బలంతో కాలిని ఎదురు తన్నుతుంది. ఆ దెబ్బను ఆరోగ్యవంతమైన ఎముక సునాయాసంగా భరిస్తుంది. ఎందుకంటే దాని నిర్మాణం దాదాపు ఆర్.సి.సి. స్లాబు వంటిది. కాల్షియం ఫాస్ఫేటు లవణాలు సిమెంటు కాంక్రీటులా నొక్కుడును తట్టుకుంటే, కొలాజెన్ అనే ప్రోటీను పోగులు ఇనుప ఊచల్లా సాగుడును తట్టుకుంటాయి. అయితే స్లాబు ఎంత గట్టిదైనా పక్కనుంచి సమ్మెటతో కొడితే పగులుతుంది కదా! ఫుట్‌బాల్‌లో సాధారణంగా జరిగేది అదే. పాదం నేలలో పాతుకుని ఉండగా పక్కనుంచి ఎదుటివాడి కాలు తగులుతుంది.

అంతర్జంఘికకు ఒక లోపం ఉంది. దాని ముందు భాగాన్ని కప్పడానికి కండరం లేదు. ఎముకకు రక్తం అందించడంలో చుట్టూ ఉన్న కండరాల పాత్ర చాలా ఉంది కాబట్టి, కండరం తక్కువైన చోట అతుకు ఆలస్యమవుతుంది. ముఖ్యంగా చీలమండకు దగ్గరగా ఉన్న కింది మూడోవంతులో. చర్మం పలుచన కావడంవల్ల విరిగిన ముక్క బయటికి పొడుచుకు రావడం, దాంతో సూక్ష్మజీవులు లోపలికి చేరడం కూడా ఇక్కడే ఎక్కువ.

మచ్చ మిగలని గాయం

మీ మోకాలి మీద చిన్నప్పటి దెబ్బ తాలూకు మచ్చ ఒకటైనా ఉండే ఉంటుంది. చర్మం గాయాన్ని మచ్చతో పూడుస్తుంది. గుండె కండరమూ అంతే. ఎముక మాత్రం అలా చేయదు. విరిగిన చోట మళ్లీ అసలైన ఎముకనే తయారు చేసుకుంటుంది. మన ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉంది.

ఎముక విరిగిన వెంటనే ఆ చోట రక్తం గడ్డకడుతుంది. గాయపడిన కణాలు విడుదల చేసే రసాయనాలు కబురు పంపగానే కొత్త కణాలు అక్కడికి చేరుతాయి. రెండు మూడు వారాల్లో రెండు ముక్కల మధ్య మెత్తని మృదులాస్థి వంతెన ఏర్పడుతుంది. దీన్ని కేలస్ అంటారు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆ మెత్తని కేలస్‌లో లవణాలు పేరుకుని అది గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో విరిగిన చోట ఉబ్బెత్తుగా కనిపించేది ఇదే. తర్వాత అసలు చెక్కుడు పని మొదలవుతుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు అనవసరమైన ఎముకను కరిగిస్తుంటే, ఆస్టియోబ్లాస్టులు అవసరమైన చోట కొత్త ఎముకను పోస్తుంటాయి. ఎక్కడ అవసరమో వాటికెలా తెలుస్తుంది? బరువు ఎక్కడ పడితే అక్కడ. ఈ సూత్రాన్ని 1892లో జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ వివరించాడు. ఈ చెక్కుడు నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు సాగుతుంది.

దీన్నిబట్టి ఒక విచిత్రమైన చిక్కు కనిపిస్తుంది. అతుకుతున్న ఎముకను అతిగా కదిలిస్తే వంతెన తెగిపోతుంది. అసలు కదలనివ్వకపోతే, బరువు మోపకపోతే ఎముకకు గట్టిపడాలన్న ఆదేశమే అందదు. పాతకాలపు సిమెంటు కట్టులో కాలు నెలల తరబడి బందీ అయ్యేది. ఈ చిక్కుకు మంచి పరిష్కారం చూపినవాడు గెర్హార్డ్ కూంచర్ అనే జర్మన్ వైద్యుడు. ఎముక మధ్యలోని మజ్జ ఉండే గొట్టంలోకి పొడవాటి లోహపు కడ్డీని దింపే పద్ధతిని 1940లో లోకానికి తెలిపాడు. జర్మనీ చెర నుంచి విడుదలైన మిత్రరాజ్యాల సైనికుల తొడల్లో ఈ కడ్డీలను ఎక్స్‌రేలో చూసి అక్కడి వైద్యులు నివ్వెరపోయారట. నేడు పెద్దల్లో అంతర్జంఘిక నడిమికి విరిగితే ఎక్కువగా చేసేది ఈ శస్త్రచికిత్సే. కడ్డీకి పైనా కిందా మరలు బిగిస్తారు. కొద్ది రోజుల్లోనే ఊతకర్రలతో కాలు కొంచెం కొంచెంగా నేలకు ఆనించవచ్చు. మోకాలు ముందుభాగంలో నొప్పి చాలామందికి మిగులుతుందన్నది దీనితో వచ్చే ఇబ్బంది.

మన దగ్గర ఈ చర్చ వచ్చినప్పుడల్లా పుత్తూరు కట్టు ప్రస్తావన రాక తప్పదు. వెదురుబద్దలు, ఆకు పసరు, గుడ్డ పట్టీలతో వేసే ఆ కట్టుకోసం పక్క రాష్ట్రాలనుంచి కూడా జనం వస్తారు. ముక్కలు పక్కకు జరగని చిన్న విరుపు దానితో అతుకుతుంది, అందులో వింతేమీ లేదు. అతికేది ఎముకే, కట్టు దాన్ని నిలబెడుతుంది. నల్లేరు మీద బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ 1960లలో జంతువులపై పరిశోధనలు చేసి, అతుకు త్వరపడినట్టు రాశారు కూడా. కాని చర్మం చీలి ఎముక బయటపడినా, కాలు వంకర తిరిగినా కట్టు కోసం బస్సెక్కకండి. ఇంకో ప్రమాదం ఉంది. కాలి కండరాలు సాగని పొరల గదుల్లో ఇమిడి ఉంటాయి. దెబ్బవల్ల లోపల వాపు పెరిగితే, పైన కట్టు బిగుతుగా ఉంటే, ఆ గదిలో ఒత్తిడి రక్తనాళాలను నొక్కేస్తుంది. కట్టు ఎవరు వేసినా సరే, నొప్పి భరించలేనంతగా పెరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా, కదిలిస్తే ప్రాణం పోయినట్టున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యం గంటల్లోనే కండరాన్ని చంపేస్తుంది.

ఎముక అతికింది, ఆట ఏదీ?

పెద్దవారిలో అంతర్జంఘిక గట్టిగా అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎక్స్‌రే బాగుందని వైద్యుడు చెప్పిన రోజున ఆటగాడు సంబరపడతాడు. నిజానికి కష్టం ఆ రోజునుంచే మొదలవుతుంది.

కోపెన్‌హాగన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన యువకుల కాలిని రెండు వారాలు కదలకుండా ఉంచారు. ఆ కాలి బలం సుమారు మూడోవంతు తగ్గింది. తర్వాత ఆరు వారాలు సైకిలు తొక్కించినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాలేదు. ఎముక విరగని కాలి పరిస్థితే ఇలా ఉంటే నెలల తరబడి పడుకున్న కాలి మాట చెప్పాలా? కండరం పోయేది రోజుల్లో, వచ్చేది నెలల్లో.

కంటికి కనిపించని నష్టం మరొకటుంది. ఒక చిన్న ప్రయోగం చేయండి. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోండి. చీలమండ అటూ ఇటూ ఊగుతూ, పడిపోకుండా తనంత తాను సర్దుకోవడం మీకు తెలుస్తుంది. కండరాలలో, కీళ్లలో ఉండే సూక్ష్మ గ్రాహకాలు కాలు ఏ భంగిమలో ఉందో క్షణక్షణం మెదడుకు చెబుతుంటాయి. బంతిని చూడకుండానే తన్నగలగడం వీటివల్లే. కట్టులో మగ్గిన కాలిలో ఈ వార్తల వేగం, కచ్చితత్వం మందగిస్తాయి. వాటిని తిరిగి నేర్పడమే ఫిజియోథెరపీలో సగం పని. ఇక భయం సంగతి. అడ్డొచ్చే కాలిని చూసి క్షణంలో పదోవంతు వెనుకాడినా బంతి పోతుంది.

వెల్ష్ ఆటగాడు ఆరన్ రామ్సే ఉదాహరణ చూడండి. 2010 ఫిబ్రవరిలో ఆర్సెనల్ తరపున స్టోక్ మీద ఆడుతుండగా 19 ఏళ్ల వయసులో అతని కాలి రెండెముకలూ విరిగాయి. తొమ్మిది నెలలు తిరిగేసరికి మైదానంలో ఉన్నాడు. కాని రెండేళ్లకు పైగా అతని ఆట మీద విమర్శలు తప్పలేదు. అతను శిఖరానికి చేరింది 2013-14లో. 2014 మేలో ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో గెలుపు గోలు కొట్టింది అతనే. మైదానానికి తిరిగి రావడం వేరు, పూర్వపు ఆటకు తిరిగి రావడం వేరు. పత్రికలు మొదటిదాన్నే వార్తగా రాస్తాయి.

స్వీడన్ ఆటగాడు హెన్రిక్ లార్సన్ కథ ఇంకా ఆశ్చర్యకరం. 1999 అక్టోబరులో లియాన్‌తో ఆటలో అతని కాలు రెండు చోట్ల విరిగింది. 2000-01లో స్కాట్లండ్ లీగులో 35 గోళ్లు కొట్టి యూరప్ మొత్తానికీ బంగారు బూటు గెలిచాడు. అంటే గాయానికి ముందుకంటె బాగా ఆడాడు! ఫ్రెంచి ఆటగాడు జిబ్రిల్ సిస్సేకి 2004లో ఎడమకాలు, 2006లో కుడికాలు విరిగాయి. అయినా 2010 ప్రపంచ కప్పులో ఆడాడు.

కాని డేవిడ్ బస్ట్ పేరు మీలో ఎందరు విన్నారు? కవెంట్రీ సిటీ ఆటగాడైన ఇతనికి 1996 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటపడింది. గాయంలో ఇన్ఫెక్షన్ చేరింది. ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ స్థాయిలో అతను మళ్లీ ఆడలేదు. ఇతని పేరైనా మిగిలింది. జిల్లాస్థాయి పోటీలో కాలు విరిగి, ఫిజియోథెరపీకి డబ్బులేక ఆట మానేసినవారిని ఎవరు లెక్కించారు? తిరిగి వచ్చినవారి కథలే మన చెవిన పడతాయి కాబట్టి అందరూ తిరిగి వస్తారనిపిస్తుంది.

ఎముకే నయం!

ఆటగాళ్లు ఎముక విరుపుకంటె లిగమెంటు తెగడానికే ఎక్కువ భయపడతారంటే మీకు వింతగా తోచవచ్చు. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ముందరి అడ్డ లిగమెంటుకు రక్త ప్రసరణ తక్కువ. పూర్తిగా తెగితే సాధారణంగా తనంత తాను అతకదు. వేరే చోటినుంచి స్నాయువు తెచ్చి అమర్చాలి. మన పుల్లెల గోపీచంద్‌కు 1994లో, జాతీయ క్రీడల్లో, జరిగింది ఇదే. శస్త్రచికిత్సల తర్వాత మళ్లీ రాకెట్టు పట్టి 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఫుట్‌బాల్ కాకపోయినా, మోకాలు మెలితిరిగే ఆటల్లో బాడ్మింటన్ ఏమీ తీసిపోదు.

పి.వి. సింధుది మరోరకం గాయం. 2022 ఆగస్టులో కామన్‌వెల్త్ స్వర్ణం గెలిచేటప్పటికి ఆమె ఎడమకాలిలో ఒత్తిడివల్ల ఏర్పడే పగులు ఉంది. ఒక్క దెబ్బకు కాక, ఆస్టియోబ్లాస్టులు పూడ్చేలోపే మళ్లీ మళ్లీ బరువు పడటంవల్ల ఏర్పడే సన్నని పగులిది. ఆమె 2023 జనవరిలో తిరిగి వచ్చింది, కాని ఆ ఏడాది ఒక్క టైటిలూ దక్కలేదు. దానికి గాయమే కారణమని తేల్చలేం. వయసు పెరుగుతుంది, ఆటగాడు మంచం మీదుండగా ప్రత్యర్థులు సాధన ఆపరు. గాయపడకపోయినా ఆట తగ్గేదేమో ఎవరు చెప్పగలరు? పూర్వపు ఆటను కొలవడంలో ఉన్న ఇబ్బందే ఇది.

కొందరు పూర్వపు కాలు రాకపోయినా పూర్వపు ఆటను రాబట్టారు. ఆస్ట్రేలియా మోటార్‌సైకిల్ వీరుడు మిక్ డూహన్ కుడికాలు 1992లో హాలండులో విరిగి, తీసేయవలసినంత వరకు వచ్చింది. కాలు దక్కింది గాని చీలమండ సరిగా వంగదు. వెనుక బ్రేకును పాదంతో కాక చేతి బొటనవేలితో నొక్కేలా మార్పించుకుని, 1994 నుంచి 1998 దాకా ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఫుట్‌బాల్ ఆటగాడికి ఆ వీలు లేదు. అయితే పరుగు తగ్గినవాడు ఆట చదవడంలో ఆరితేరి, స్థానం మార్చుకుని ఆడటం కద్దు.

మీకే జరిగితే?

పదహారు, పదిహేడేళ్ల లోపువారి ఎముకలు త్వరగా అతుకుతాయి. కాని చివర్లలో పెరుగుదల పొర ఉంటుంది. దెబ్బ దానికి తగిలితే కాలు పొట్టిగానో వంకరగానో పెరగవచ్చు కనుక, అతికిన తర్వాత కూడా కొంతకాలం వైద్యుడు చూస్తూ ఉండాలి. తిండిలో ప్రోటీను, కాల్షియం, ఒంటికి ఎండ అవసరం. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మేకకాళ్ల సూపు రుచికి తాగండి, అందులోకి దిగే కాల్షియం మాత్రం అంతంతే. పొగతాగేవారి ఎముకలు ఆలస్యంగా అతుకుతాయని రుజువైంది.

ఆటకు ఎప్పుడు తిరిగి వెళ్లాలో క్యాలెండరు చెప్పదు. గాయపడిన కాలితో ఒంటికాలి గెంతులో ఎంత దూరం వెళ్లగలరో కొలిచి, రెండో కాలితో పోలుస్తారు. కనీసం పదిలో తొమ్మిది వంతులు రావాలి. నడక, తిన్నని పరుగు, మలుపుల పరుగు, బంతితో సాధన, చివరకు ఎదుటివాడితో ఢీ, ఈ వరుసలో ఒక్కో మెట్టూ నొప్పి, వాపు లేకుండా దాటాలి. లోపలి కడ్డీని చాలామంది జీవితాంతం ఉంచుకుంటారు. మోకాలు నొప్పివల్ల తీయించుకుంటే, మరలు ఉన్న చోట చిల్లులు పూడేదాకా ఆ ఎముక బలహీనంగా ఉంటుంది. అందుకే కడ్డీ తీసిన తర్వాత కూడా కొన్ని వారాలు ఫుట్‌బాల్ మైదానం గీత బయటే కూర్చోబెడతారు.