పట్టా పొడవులో దాగిన బీజగణితం

జంషెడ్‌పూర్ పేరు వెనుక రైలు పట్టాల కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడి ఉక్కు కర్మాగారం మెసొపొటేమియా రైలు మార్గాలకు పట్టాలు అందించింది. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి, అప్పటివరకు సాక్చిగా ఉన్న ఊరికి జంషెట్‌జీ టాటా పేరు పెట్టారు. బడిపిల్లలను తికమక పెట్టే గుణకం, స్థిరరాశులకు ఆ పట్టాయే చక్కని ఉదాహరణ.

ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 13 మీటర్ల పట్టాకైతే అది 0.156 మిల్లీమీటర్లు. ఉష్ణోగ్రతలో పెరుగుదలను ‘ఉ’ అనుకుంటే, పట్టా పొడవు మిల్లీమీటర్లలో:

13000 + 0.156ఉ

ఇందులో ‘ఉ’ చరరాశి. దాన్ని గుణిస్తున్న 0.156 గుణకం. ఎండ ఎంత కాసినా మారని 13000 స్థిరరాశి. చలికాలపు ఉదయం 10 డిగ్రీలున్న పట్టా మండుటెండలో 50 డిగ్రీలకు చేరితే 40 × 0.156 = 6.24 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే పాత పద్ధతిలో పట్టాల మధ్య సందు వదిలేవారు. సాగే దారి లేక ఒత్తిడి మితిమీరితే పట్టా పక్కకు వంగిపోగలదు.

పొరపాటు ఎక్కడ?

సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మార్చే సమాసం 1.8స + 32. ఇక్కడ 1.8 గుణకం, 32 స్థిరరాశి. మరి 40 డిగ్రీల పెరుగుదల ఫారన్‌హీట్‌లో ఎంత? చాలామంది 32 కూడా కలిపి 104 అంటారు. సరైన జవాబు 72. పెరుగుదలను నిర్ణయించేది గుణకం ఒక్కటే. రెండు కొలతలలోనూ ఉండే 32 తీసివేతలో పోతుంది. 104 నిజమని నమ్మి లెక్కిస్తే పట్టా సాగుదల 6.24కు బదులు సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుంది.

గుర్తులతోనూ జాగ్రత్త అవసరం. 9 − య లో ‘య’ గుణకం సున్నా కాదు, 1 కూడా కాదు, −1. 4య − 7 లో స్థిరరాశి 7 కాదు, −7.

ఈ తేడా మన గణితానికి కొత్త కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రచించిన ‘బీజగణితం’లో తెలియని రాశికి ‘యావత్తావత్’ నుంచి ‘యా’, తెలిసిన సంఖ్యకు ‘రూప’ నుంచి ‘రూ’ గుర్తులు. నేటి 5య + 8 ఆనాడు ‘యా 5 రూ 8’.

ఒకే చరరాశి మొదటి ఘాతంలో ఉన్న సమాసానికి తేలికైన పరీక్ష ఉంది. చరరాశికి బదులు సున్నా పెడితే మిగిలేది స్థిరరాశి. చరరాశిని 1 పెంచితే విలువ ఎంత మారుతుందో అదే గుణకం.