తక్కువ వేగంలో కారు ఇంజను ఆగిపోవడం

యాక్సిలరేటరు మీద నుండి కాలు తీయగానే గాని, కూడలిలో ఎర్ర దీపం వద్ద బండి నిలిపినపుడు గాని కారు ఇంజను దానంతట అదే ఆగిపోవడాన్ని మెకానిక్కులు "స్లోలో ఆగిపోవడం" అనీ, "ఐడ్లింగ్ నిలవకపోవడం" అనీ అంటారు. రహదారి మీద వేగంగా పోతున్నంతసేపు ఏ లోపమూ కనిపించని కారుకు కూడా ఈ ఇబ్బంది రావచ్చును. జ్వరం వలె ఇది అనేక లోపాలకు ఉమ్మడి లక్షణం. కనుక కారణం కనుగొనకుండా భాగాలు మార్చుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుందే తప్ప ఇంజను నిలకడగా నడవదు.

ఆటోనగర్ మరియు పని విభజన

విజయవాడ నగరంలో పటమటకు చేరువలో ఉన్న జవహర్ ఆటోనగర్ 1960ల దశకంలో ఏర్పడింది. చెన్నై - కోల్‌కతా రహదారి, హైదరాబాదు - మచిలీపట్నం రహదారి విజయవాడలోనే కలుస్తాయి. ఈ కారణంగా లారీల మరమ్మతు, బస్సులకు బాడీలు కట్టడం, విడిభాగాల వ్యాపారం ఇక్కడ బాగా విస్తరించాయి. కృష్ణా డెల్టాలోని అనేక ఊళ్ళ నుండి వాహనాలు మరమ్మతుకు ఇక్కడికి వస్తాయి.

ఇటువంటి చోట పని చిన్న చిన్న విభాగాలుగా ఉంటుంది. ఒకరు వైరింగు, బ్యాటరీ పని మాత్రమే చేస్తారు; మరొకరు డీజిలు పంపులు విప్పుతారు; ఇంకొకరు రేడియేటర్లు, వేరొకరు లేతు పని చూస్తారు. స్లోలో ఆగిపోయే కారు గాలి లోపం వలన ఆగుతున్నదో, ఇంధన లోపం వలన ఆగుతున్నదో, విద్యుత్తు లోపం వలన ఆగుతున్నదో తేలితే తప్ప ఏ షెడ్డు ముందు ఆపాలో యజమానికి తెలియదు. ఎవరి వద్దకు వెళితే వారు తమకు తెలిసిన భాగాన్నే మొదట విప్పడం సహజం.

తక్కువ వేగంలోనే ఎందుకు?

పెట్రోలు ఇంజను నడవడానికి తగు పాళ్ళలో గాలి, ఇంధనం, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండరులో చాలినంత ఒత్తిడి కావాలి. యాక్సిలరేటరు తొక్కనపుడు చాలా కార్ల ఇంజన్లు నిమిషానికి సుమారు 700 నుండి 1000 చుట్లు తిరుగుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగేటపుడు అన్ని సిలిండర్లలో కలిపి 1600 సార్లు ఇంధనం మండుతుంది. వీటిలో కొన్ని తప్పినా ఇంజనును ముందుకు తిప్పడానికి చక్రభ్రమణ వేగం చాలదు.

గ్యాసు పొయ్యి పెద్ద మంటలో ఉన్నపుడు ఫ్యాను గాలికి ఆరదు, సిమ్‌లో ఉన్నపుడు ఆరిపోతుంది. ఇంజను కూడా అంతే. కాలు తీసినపుడు గాలిని అదుపు చేసే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకొని ఉంటుంది. ఆ సమయంలో లోనికి పోయే గాలి బహు స్వల్పం. పగిలిన ఒక రబ్బరు గొట్టం గుండా దొంగతనంగా చొరబడే గాలి అప్పుడు పెద్ద భాగమే అవుతుంది. అదే గాలి వేగంలో లెక్కలోకి రాదు.

ఎప్పుడు ఆగుతున్నది?

పరికరం చేతపట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఉదయం చల్లగా ఉన్నపుడు మాత్రమే ఆగితే చోక్‌ను, కొత్త కార్లలో నీటి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారును అనుమానించాలి. వేడెక్కిన తరువాత ఆగి, అరగంట చల్లారాక మళ్ళీ స్టార్టయితే క్రాంక్ సెన్సారు గాని, ఇగ్నిషన్ కాయిల్ గాని కారణం కావచ్చును. ఏ.సి. వేసినపుడు, స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు ఆగితే, అదనపు బరువుకు తగినట్లు ఇంజను వేగం పెంచే ఏర్పాటు పనిచేయడం లేదని అర్థం. బ్రేకు తొక్కినపుడే ఆగడం చాలామంది గమనించని గుర్తు. బ్రేకుకు బలాన్నిచ్చే బూస్టరు ఇంజను లోని శూన్యంతో పనిచేస్తుంది. దాని లోపలి రబ్బరు పొర చిరిగితే ప్రతి తొక్కుడుకూ బయటి గాలి ఇంజను లోనికి చేరుతుంది. ఇటువంటి కారును మరమ్మతు చేయించేదాకా నడపరాదు.

వేగంలో కూడా ఇంజను గుంజుతూ, శక్తి లేకుండా పోతుంటే లోపం ఇంధన ఫిల్టరులోనో పంపులోనో ఉండే అవకాశం ఎక్కువ.

కార్బురేటరు కార్లు

1957లో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడరు, 1983లో వచ్చిన మారుతి 800 తొలి నమూనాలు కార్బురేటరుతో నడిచినవే. కార్బురేటరులో తక్కువ వేగానికి వేరుగా ఒక సన్నని జెట్ ఉంటుంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పు, నలుసు ముందుగా దానినే మూసివేస్తాయి. జెట్‌ను తీగతో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే పాళ్ళు శాశ్వతంగా చెడుతాయి. క్లీనరుతో కడిగి, గాలి కొట్టాలి.

పాత అంబాసిడరులో డిస్ట్రిబ్యూటరు పాయింట్లు మరొక ముఖ్య స్థానం. వీటి ఎడం సుమారు 0.4 మి.మీ. ఉండాలి. పాయింట్లు కాలి నల్లబడినా, కండెన్సరు చెడినా రవ్వ బలహీనమవుతుంది. టాపెట్ల ఎడం మరీ బిగుతైతే వాల్వులు పూర్తిగా మూసుకోక ఒత్తిడి తగ్గుతుంది. ఇవన్నీ చూడకుండా స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచి పంపడం లోపాన్ని కప్పిపుచ్చడమే.

డెల్టా ఎండలలో ఈ కార్లకు ఒక ప్రత్యేక బాధ ఉండేది. ఇంజనుకు బిగించిన పంపు వేడికి, అందులోని పెట్రోలు ఆవిరై ప్రవాహం తెగిపోయేది. దీనిని వేపర్ లాక్ అంటారు. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి, కాసేపు ఆగి బయలుదేరేవారు. చూడడానికి నాటువైద్యం వలె కనిపించినా ఇది శాస్త్రీయమైన పద్ధతే: తడి ఆవిరవుతూ పంపులోని వేడిని తీసుకుపోతుంది. ఇంజెక్షన్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి అధిక పీడనంతో పంపుతుంది కనుక ఈ ఇబ్బంది అరుదు.

పెట్రోలులో ఇథనాలు కలపడం దేశంలో 2022కు 10 శాతానికి, 2025కు 20 శాతానికి చేరింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకు 9 కిలోలు చాలు. కంప్యూటరు ఉన్న కారు ఈ తేడాను పసిగట్టి ఇంధనం పెంచుకుంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. పాత అమరికతోనే నడిపితే మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి, స్లోలో ఆగవచ్చును. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. నెలల తరబడి కదలని కారులో ఈ రెండూ చూడాలి.

ఇంజెక్షన్ కార్లు

వీటిలో మొదట అనుమానించవలసినది మురికి పట్టిన థ్రాటిల్ బాడీ. ఇంజను నుండి తిరిగి వచ్చే నూనె ఆవిరి, మసి కలసి రేకు అంచున నల్లని పూతగా పేరుకొని, గాలి పోయే సన్నని సందును మూస్తాయి. క్లీనరుతో మెత్తని గుడ్డ తడిపి తుడిస్తే చాలాసార్లు అంతటితో నయమవుతుంది. విద్యుత్ మోటారుతో తిరిగే రేకును తాళం వేసి ఉన్నపుడు వేలితో నెట్టరాదు. శుభ్రం చేశాక కొన్ని కార్లకు స్కానరుతో ఐడిల్ అమరికను మళ్ళీ నేర్పవలసి ఉంటుంది.

స్కానరు చూపే సంకేతాన్ని తీర్పుగా భావించరాదు. పి0505 అనేది ఐడిల్ నియంత్రణలో లోపాన్నీ, పి0171 అనేది మిశ్రమంలో ఇంధనం తక్కువ కావడాన్నీ సూచిస్తాయి. రెండవది కనబడగానే ఆక్సిజన్ సెన్సారు మార్చినవారు ఎందరో! అసలు దోషం పది రూపాయల గొట్టానిది కావచ్చును. ఇంజను నడుస్తుండగా గొట్టాల అతుకుల వద్ద సబ్బు నీరు చల్లితే, ఆ నీటిని లోనికి లాగే చోటు, వేగంలో వచ్చే మార్పు లీకును పట్టిస్తాయి. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. అది నిప్పుతో చెలగాటం.

పొగలో కొంత భాగాన్ని వెనక్కి పంపే ఇ.జి.ఆర్. వాల్వు తెరుచుకొని బిగిసిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. డీజిలు కార్లలో దీనితో పాటు ఫిల్టరులో చేరిన నీరు, ఇంధన గొట్టంలో పట్టిన గాలి చూడాలి. పొలాల పక్కన నిలిపే కార్లలో ఎలుకలు కొరికిన వైర్లను కూడా మరువరాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచినపుడు అనేక వాహనాలు నీట మునిగాయి. ఇలా మునిగిన కారు ఇంజను బాగుపడినా, వైర్ల కనెక్టర్లలో పచ్చని చిలుము నెలల తరువాత కూడా పుట్టి, ఒకనాడు ఆగి మరొకనాడు ఆగకుండా యజమానిని, మెకానిక్కును కూడా తికమక పెడుతుంది. పాత కారు కొనేవారు సీట్ల కింది తివాచీ ఎత్తి బురద గుర్తులు చూసుకోవడం మంచిది.

దారిలో ఆగినపుడు

ఇంజను ఆగగానే పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. బ్రేకు బూస్టరులో మిగిలిన శూన్యం ఒకటి రెండు తొక్కుళ్ళకు మాత్రమే వస్తుంది. ఆ పిదప బ్రేకు పనిచేస్తుంది గాని చాలా బలంగా తొక్కాలి. కనుక బ్రేకును పదే పదే వదలి తొక్కక, ఒకే పట్టున నొక్కి ఉంచి పక్కకు ఆపాలి. కారు కదులుతుండగా తాళం చెవి బయటకు తీస్తే స్టీరింగు బిగిసిపోతుంది. కాలువ గట్ల మీది ఇరుకు రోడ్లలో, ప్రకాశం బ్యారేజి వంటి వంతెనల మీద ఇది మరీ ప్రమాదకరం. ముందుగా హెచ్చరిక దీపాలు వేసి, గేరు తటస్థంలో ఉంచి, ఆ తరువాతనే స్టార్టు చేయాలి.